రాత్రి రెండు నుంచి ఎనిమిది దాకా

ఇరవై ఏళ్ల కిందట ఇంట్లో కంప్యూటరు ఉన్న కుర్రాళ్లకు ఒక వింత అలవాటు ఉండేది. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచేవాళ్లు. పరీక్షలకు చదవడానికి కాదు. బీఎస్ఎన్ఎల్ వారి డేటావన్ బ్రాడ్‌బ్యాండ్‌లో ఐదొందల రూపాయల ప్లాను తీసుకుంటే రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత దించుకున్నా మీటరు తిరిగేది కాదు. మిగతా పద్దెనిమిది గంటలూ ప్రతి ఎంబీకీ లెక్కే. నెల కోటా దాటితే ఎంబీకి రూపాయి అటూ ఇటూ పడేది. అందుకని కావలసినవాటి పట్టీ పగలే రాసిపెట్టుకోవడం, రెండు కొట్టగానే లేచి డౌన్‌లోడ్ మొదలుపెట్టడం, మళ్లీ ముసుగు తన్నడం. తెలివైనవాళ్లు ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కే అప్పగించి పడుకునేవాళ్లు. ఎనిమిదింటికి ఆపడం మరిచిపోయినవాణ్ని నెలాఖరున బిల్లు చేతపట్టుకుని నాన్నే లేపేవాడు.

లెక్క వేస్తే ఆ ఆరు గంటల్లో దొరికేది పెద్ద సంపదేమీ కాదు. 256 కేబీపీఎస్ అంటే సెకనుకు 32 కిలోబైట్లు. ఆరు గంటలకు దాదాపు 690 ఎంబీ. ఒక సీడీలో పట్టేది 700. అంటే రాత్రికి ఒక సీడీ. అదీ కరెంటు పోకుండా, లైను తెగకుండా, ఉరుములు రాకుండా ఉంటే.

ఈ మూడు షరతులూ ఎంత గట్టివో తెలుసుకోవడానికి సూళగిరి లాంటి చోటు బాగా పనికొస్తుంది. కృష్ణగిరి నుంచి హోసూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, రెండింటికీ దాదాపు నడిమధ్యన ఉంది ఈ ఊరు. శూలంలా పైకి లేచిన కొండే ఊరికి గుర్తు, పేరూ అదే. చుట్టూ బండరాళ్ల మధ్య చిన్న చిన్న పల్లెలు, కొత్తిమీర మళ్లు, టమాటా తోటలు. తమిళనాడులో ఉన్నా ఇళ్లలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపిస్తాయి. దేశానికే ఐటీ వాకిలి అనిపించుకున్న బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఇక్కడికి సుమారు యాభై కిలోమీటర్లు. దారి దగ్గరదే. ఫోను తీగకు మాత్రం ఆ యాభై కిలోమీటర్లలో ఒక రాష్ట్ర సరిహద్దు, ఒక టెలికాం సర్కిల్ సరిహద్దు అడ్డం.

మద్రాసుకు టెలిఫోను 1882 జనవరిలోనే వచ్చింది. కలకత్తా, బొంబాయిలతో పాటు అక్కడా ఎక్స్ఛేంజి తెరిచారు. పల్లెలకు అది చేరడానికి వందేళ్లు పట్టిందంటే అతిశయోక్తి కాదు. ఊళ్లో ఫోను ఉన్నా, వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి కూర్చోవలసిందే. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాల కాల్స్ ఉండేవి. డబ్బు ఎక్కువ కట్టినవాడి కాల్ ముందు కలుస్తుంది. మెరుపు అని పేరు పెట్టుకున్న కాల్‌కు కూడా ఎదురుచూడక తప్పని రోజులవి. ఆపరేటరు ప్రమేయం లేకుండా నేరుగా నంబరు తిప్పే ఎస్‌టీడీ మన దేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలై, ఊరూరికీ మెల్లగా పాకింది. హోసూరు వంతుకు 04344 కోడ్ వచ్చింది. సూళగిరి నంబర్లు కూడా ఆ కోడ్ కిందివే.

హోసూరు అప్పటికే మారుతోంది. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వెలిసింది. 1980లో అశోక్ లేలాండ్ వచ్చింది, అదే ఏడాది టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి నుంచి రోడ్డెక్కింది. ఆ దశాబ్దంలోనే టైటన్ గడియారాలు కూడా తయారయ్యాయి. ఫ్యాక్టరీలకు ఫోను లేకపోతే రోజు గడవదు కాబట్టి పట్టణంలో లైన్లు పెరిగాయి. పల్లెల సంగతి వేరు. పెద్ద ఎక్స్ఛేంజి యంత్రాలకు ఏసీ గది కావాలి, దుమ్ము పడకూడదు, కరెంటు పోకూడదు. మన పల్లెల్లో ఈ మూడూ దొరికేవి కావు.

ఆ చిక్కు విప్పింది ఒక చిన్న పెట్టె. 1984 ఆగస్టులో కేంద్రం సీ-డాట్ అనే పరిశోధన సంస్థను పెట్టింది, శామ్ పిట్రోడా దాన్ని నడిపించారు. అక్కడి ఇంజనీర్లు 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజిని తయారుచేశారు. దాని పేరు ర్యాక్స్. ఏసీ అక్కర్లేకుండా, మామూలు గదిలో, మన ఎండలోనే పనిచేయడం దాని గొప్ప. మొదటిదాన్ని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఆ తర్వాత ఏళ్లలో దేశమంతటా పల్లె ఎక్స్ఛేంజి అంటే అదే.

ఎక్స్ఛేంజి నుంచి ప్రతి ఇంటికీ ఒక రాగి తీగల జత వెళ్తుంది. దాని ప్రయాణం ఒకసారి చూడాలి. ఎక్స్ఛేంజిలో ఎండీఎఫ్ అనే ఇనుప చట్రం మీద అది మొదలవుతుంది. అక్కడి నుంచి లావుపాటి జెల్లీ కేబుల్‌లో వందల జతలతో కలిసి భూమిలో పోతుంది. తేమ లోపలికి దిగకుండా ఆ కేబుల్ నిండా జిగురు లాంటి జెల్లీ నింపుతారు. వీధి మొదట్లో పిల్లర్ బాక్స్. అక్కడ చిన్న కేబుళ్లుగా చీలి స్తంభం మీదో గోడ మీదో ఉన్న డీపీ బాక్స్‌కు చేరుతుంది. డీపీ నుంచి ఇంటిదాకా గాలిలో వేలాడే నల్లటి డ్రాప్ వైరు. ఈ దారిలో ఎన్ని జాయింట్లు ఉన్నాయో, ఏ జాయింటులో నీళ్లు దిగాయో లైన్‌మన్‌కు కంఠతా వచ్చు. బుజాన టెస్ట్ ఫోను తగిలించుకుని డీపీ తెరిచి, రెండు క్లిప్పులు పెట్టి చెవి ఆనించగానే తప్పు ఇంటివైపు ఉందా, ఎక్స్ఛేంజివైపు ఉందా చెప్పేవాడు.

1980ల చివర నుంచి పసుపు బోర్డుల ఎస్‌టీడీ బూత్‌లు వచ్చాయి. గాజు గది, ఎర్రంకెల మీటరు, బయట వంతు కోసం నిలబడిన జనం. ఈ సరిహద్దు జనానికి అవి మరీ అవసరం. కొడుకు పని చేసేది బెంగళూరులో, కూతుర్నిచ్చింది కుప్పం వైపు, కోర్టు పని కృష్ణగిరిలో. మూడింట రెండు వేరే రాష్ట్రాలు. రాత్రి పదకొండు దాటితే ఎస్‌టీడీ పావు రేటు. పగలు నాలుగు రూపాయల మాట అప్పుడు రూపాయికే దొరికేది. రోజంతా ఈగలు తోలుకున్న బూత్‌లో రాత్రి పదకొండుకు తిరునాళ్ల సందడి. అక్కలూ అన్నలూ బూత్ ముందు నిలబడి నేర్చుకున్న పాఠాన్నే పదిహేనేళ్ల తర్వాత ఇంట్లో కంప్యూటరు ముందు పిల్లలు మళ్లీ చదివారు. చౌక గంట ఎప్పుడూ అర్ధరాత్రే.

సామాన్యులకు ఇంటర్నెట్‌ను వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న తెరిచింది. మొదట అది డయలప్. కంప్యూటరు ఫోను చేస్తుంది, అవతలి కంప్యూటరు ఎత్తుతుంది, రెండూ కీచుమని కూస్తాయి, గరగరమంటాయి, ఆపై మాటలు మొదలు. కనెక్షన్ నడిచినంతసేపూ ఇంట్లో ఇంకెవరూ ఫోను ఎత్తకూడదు. ఎత్తితే తెగిపోతుంది. 56 కే మోడెమ్ అని అట్టపెట్టె మీద రాసి ఉన్నా సెకనుకు అయిదు కిలోబైట్లు వస్తే పండగే. ఆ లెక్కన ఒక సీడీ నింపడానికి దాదాపు 39 గంటలు. పైగా ఇంటర్నెట్ చార్జీ వేరు, ఫోను కాల్ చార్జీ వేరు. పల్లెలో ఆ ముచ్చట ఎవరూ పెట్టుకోలేదు.

డయలప్ అంత మెల్లగా ఉండడం తీగ తప్పు కాదు. ఫోనులో మాట అర్థం కావడానికి 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ దాకా ఉండే శబ్దం చాలు. ఎక్స్ఛేంజి యంత్రాలు అంతవరకే వినేలా కట్టారు. డయలప్ మోడెమ్ ఆ ఇరుకు సందులోనే తన సరుకంతా మోసుకుపోవాలి. రాగి తీగ మాత్రం దానికి వందల రెట్లు ఎక్కువ తరచుదనాలను మోయగలదు. వాడుకోని ఆ పైభాగం వందేళ్లు బీడుగా పడి ఉంది.

1980ల చివర అమెరికాలోని బెల్‌కోర్ సంస్థలో జోసెఫ్ లెక్లైడర్ అనే ఇంజనీరు ఒక సంగతి గమనించాడు. ఇంట్లోవాళ్లు పంపేదానికన్నా తెచ్చుకునేది చాలా ఎక్కువ. కాబట్టి రెండు వైపులా సమాన వేగం ఎందుకు? రాకకు వెడల్పు దారి, పోకకు సన్న దారి ఇస్తే చాలు. ఏడీఎస్ఎల్ అనే పేరులో మొదటి అక్షరం చెప్పేది ఈ అసమానతనే. అప్పట్లో ఫోను కంపెనీల ఆశ ఇంటర్నెట్ మీద లేదు. కేబుల్ టీవీకి పోటీగా ఫోను తీగ మీద అడిగిన సినిమా అడిగినప్పుడు వేయాలని వాళ్ల ఆలోచన. సినిమా కోసం పుట్టిన విద్య చివరికి మన కుర్రాళ్ల చేతుల్లో ఆ పనే చేసింది, కాకపోతే రాత్రి రెండింటికి.

ఆ దారిని ఎలా వాడుకోవాలో తేల్చినవాళ్లలో ముఖ్యుడు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ సియాఫీ. ఆ పద్ధతిని సూళగిరి రైతుకు చెప్పాలంటే కొత్తిమీర మళ్లు చూపిస్తే సరిపోతుంది. తీగలోని 1.1 మెగాహెర్ట్‌జ్ పొలాన్ని 256 మళ్లుగా కడతారు, ఒక్కో మడి 4.3125 కిలోహెర్ట్‌జ్ వెడల్పు. గట్టు పక్కనున్న మొదటి మడి ఫోను మాటకు. దాని పక్కన కొంత బీడు వదిలి, ముప్పై చిల్లర మడి దాకా ఇంటి నుంచి పోయే సరుకుకు. మిగిలిన రెండొందల పైచిలుకు మళ్లూ ఇంటికి వచ్చే సరుకుకు. మోడెమ్ వెలిగించగానే అది ఎక్స్ఛేంజిలో ఉన్న డీస్లామ్ యంత్రంతో కలిసి ఒక్కో మడినీ తట్టి చూస్తుంది. నేల బాగుంటే మడికి పదిహేను బిట్ల దాకా విత్తుతుంది. కలుపు ఉంటే రెండో మూడో. మరీ చెడితే ఆ మడిని వదిలేస్తుంది. ఈ తట్టి చూడడం జరిగినంతసేపూ మోడెమ్ మీద ఏడీఎస్ఎల్ దీపం టపటపా కొట్టుకుంటుంది. నిలకడగా వెలిగితే విత్తడం అయిందని గుర్తు. సెకనుకు నాలుగు వేల సార్లు ఈ మళ్లన్నీ పండుతాయి. అందుకే అదే రాగి జత మీద 8 ఎంబీపీఎస్ దాకా వేగం సాధ్యమైంది.

బావికి దూరమైన మడికి నీళ్లు అందనట్టే, ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ పై మళ్లు ముందు ఎండిపోతాయి. తరచుదనం ఎక్కువైనకొద్దీ తీగలో సంకేతం త్వరగా నీరసించడమే కారణం. ఆ రోజుల్లో పరిశ్రమ ఒప్పుకున్న కొలతల ప్రకారం అర మిల్లీమీటరు మందం రాగి మీద 3.7 కిలోమీటర్ల దాకా 6 ఎంబీపీఎస్, 5.5 కిలోమీటర్ల దాకా ఒకటిన్నర. తీగ 0.4 మిల్లీమీటరు సన్నదైతే ఆ దూరాలు 2.7, 4.6 కిలోమీటర్లకు కుదించుకుపోతాయి. ఇది తీగ పొడుగు, కాకి ఎగిరే దూరం కాదు. బండను చుట్టి, చెరువుగట్టు ఎక్కి, పొలిమేర దాటి వచ్చే తీగకు కంటికి రెండు కిలోమీటర్లు కనిపించే పల్లె నాలుగవుతుంది. ఒకే ఎక్స్ఛేంజి, ఒకే ప్లాను, ఒకే బిల్లు. బస్టాండు పక్క ఇంట్లో వచ్చే వేగం పల్లె చివరి ఇంట్లో రాదు.

దూరంతో పాటు ఇంకో నాలుగు శత్రువులు. జాయింటులో వాన నీళ్లు దిగితే మాట వినిపిస్తూనే ఉంటుంది, కాస్త బరబరమంటుంది, అంతే. బ్రాడ్‌బ్యాండ్ మాత్రం పడిపోతుంది. ఇంట్లో స్ప్లిటర్ అనే చిన్న డబ్బీ పెట్టకపోతే ఫోను మోగినప్పుడల్లా నెట్ తెగుతుంది, ఎందుకంటే గంట మోగించడానికి తీగ మీదికి వచ్చే విద్యుత్తు డెబ్బై వోల్టులు దాటుతుంది. ఈ పీఠభూమి అంచున వేసవి చివర ఉరుములు, పిడుగులు మామూలే. మబ్బు కమ్మగానే ఇంట్లో పెద్దవాళ్లు, ‘ఆ వైరు పీకెయ్‌రా అప్పా’ అని కేకేసేవాళ్లు. పీకనివాడి మోడెమ్ మాడిపోయేది. నాలుగోది కరెంటు. ల్యాండ్‌లైన్‌కు కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచే తీగ వెంట వస్తాయి. ఊరంతా చీకటైనా ఫోను పలుకుతుంది. మోడెమ్‌కు ఆ భాగ్యం లేదు, గోడ ప్లగ్గులో కరెంటు ఉంటేనే బతుకు. 2012 ప్రాంతంలో చెన్నై వెలుపల తమిళనాడు రోజుకు పది గంటలకు పైగా కోత అనుభవించినప్పుడు అన్‌లిమిటెడ్ ప్లాను ఉన్న ఇంట్లో కూడా నెట్‌కు లిమిట్ పెట్టింది కరెంటే.

ప్రభుత్వం తరఫున కథ 2004 అక్టోబరు 14న మొదలైంది. ఆ రోజు వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచించింది, 2010 నాటికి రెండు కోట్ల కనెక్షన్లు అని గురి పెట్టింది. 2005 జనవరి 14న, సంక్రాంతి రోజున డేటావన్ వచ్చింది. హువావే, యూటీస్టార్‌కామ్ పేర్లతో మోడెమ్‌లు ఇళ్లకు చేరాయి. 2007 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్ దాకా వేగం పెంచుతున్నామని ప్రకటించారు. ఆ ‘దాకా’ అనే మాటలోనే అంతా ఉంది. లైను మోయగలిగినవాడికి అదే రాత్రి ఆరు గంటల్లో అయిదు జీబీ దాటి దిగింది, మోయలేనివాడికి పాత సీడీయే మిగిలింది. 2009 జనవరి 20న సార్వత్రిక సేవా నిధి, బీఎస్ఎన్ఎల్ ఒప్పందం చేసుకుని గ్రామీణ ఎక్స్ఛేంజిల నుంచి 8.88 లక్షల తీగ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు ఇవ్వాలనుకున్నాయి. 2010 ముగిసేనాటికి దేశం మొత్తం మీద కనెక్షన్లు దాదాపు 1.1 కోట్లు. గురిలో సగం పైన కొంచెం.

ఈ సరిహద్దుకు అవతల, కుప్పంలో, 2002లోనే హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి ఐ-కమ్యూనిటీ అనే ప్రయోగం మొదలుపెట్టింది. పల్లెల్లో ఇంటర్నెట్ కేంద్రాలు తెరిచింది. ఇవతలి తెలుగువాళ్లకు అలాంటి పేరున్న పథకం ఏదీ రాలేదు. వచ్చింది రాగి తీగ, నెలకో బిల్లు. వాటితోనే వాళ్లకు ఇంకోటి కూడా దొరికింది, తెలుగు చదువుకునే చోటు.

2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం చేసింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఆ తొలి జట్టు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చేసరికి హోసూరు, దెంకణికోట, సూళగిరి ప్రాంతాల తెలుగు బడుల పిల్లలు మినహాయింపు కోసం కోర్టు గడప ఎక్కవలసివచ్చింది. బడిలో తెలుగు తగ్గుతున్న సరిగ్గా ఆ ఏళ్లలోనే తెర మీద తెలుగు పెరిగింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది. వీవెన్ తయారుచేసిన లేఖిని అనే రాత ఉపకరణం 2006లో వచ్చాక తెలుగు కీబోర్డు నేర్చుకోకపోయినా తెలుగు రాయడం వీలైంది. ఆ వెంటనే బ్లాగులు వెల్లువెత్తాయి. తెలుగు పత్రిక మధ్యాహ్నం బస్సులో వస్తే చదువుకునే ఊరికి అదే పత్రిక తెల్లవారకముందే ఫోను తీగలో వచ్చి కూర్చుంది. తెలుగు పేజీ బరువు సినిమాలో వెయ్యో వంతు కూడా ఉండదు. దానికి 256 కేబీపీఎస్ ధారాళంగా సరిపోయింది. చివరి ఇంటి నీరసపు లైను కూడా అక్షరాన్ని మోసింది.

ఆ తర్వాతిది త్వరగా చెప్పేయొచ్చు. 2006 ప్రాంతంలో దేశంలో సుమారు అయిదు కోట్లున్న తీగ ఫోన్లు 2020కి రెండు కోట్లకు పడిపోయాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేల మీదికి దించాక రాత్రి రెండింటి అలారానికి అర్థం లేకుండా పోయింది. బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం 2013లో 512 కేబీపీఎస్‌కు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి దాదాపు 78,500 మంది స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు. ఏ జాయింటులో నీళ్లు దిగుతాయో తెలిసిన మనుషులు చాలామంది ఆ ఒక్క సాయంత్రమే బయటికి నడిచారు. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చి, ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగాలు ల్యాప్‌టాప్‌లతో సహా పల్లెలకు దిగాయి. అప్పటికి అడిగేది రాగిని కాదు, ఫైబర్‌ను.

ఫైబర్‌కు ఎక్స్ఛేంజి పక్క వీధికీ పల్లె చివరికీ తేడా లేదు. ఇరవై కిలోమీటర్లయినా వెలుగు పనికి చాలినంత మిగులుతుంది. పిడుగు దాన్ని పట్టించుకోదు, వాన నీళ్లు ఏమీ చేయవు. కోరుకుంటే పాత 04344 నంబరే ఆ గాజు దారం మీద మోగుతుంది. తెగితే మాత్రం చిక్కే. రాగి తీగను లైన్‌మన్ పళ్లతో తొక్క ఒలిచి, వేళ్లతో మెలేసి, టేపు చుట్టి పది నిమిషాల్లో వెళ్లిపోయేవాడు. గాజు దారాన్ని అతికించాలంటే పెట్టెలో మోసుకొచ్చే స్ప్లైసింగ్ యంత్రం కావాలి. అది వచ్చేదాకా గోడ మీది డబ్బాలో చిన్న ఎర్ర దీపం మినుకుమంటూ ఉంటుంది.

పాత డ్రాప్ వైరును ఎవరూ విప్పుకుపోలేదు. గట్టి తీగ, ఎండకూ వానకూ చెక్కుచెదరదు. పెరట్లో స్తంభం నుంచి వేపచెట్టు దాకా లాగి కట్టి, ఇప్పుడు దాని మీద బట్టలు ఆరేస్తున్నారు.